పొయ్యి వెనక గోడకు నాన్న పంపిన బిళ్లలు

మొన్న మా మనవరాలి కొత్త వంటింటి గోడకు టైల్స్ కొలత తీసుకోవడానికి ఒక కుర్రాడు వచ్చాడు. వాడి చేతిలో గుండ్రటి డబ్బా ఒకటి ఉంది. దాన్నుంచి ఉక్కు టేపు బయటికి సాగి, గ్యాసు పొయ్యి వెనక గోడ మీద అడ్డంగా ఒకసారి, నిలువుగా ఒకసారి పాకి, సర్రుమని లోపలికి దూరిపోయింది. అంతే, కొలత అయిపోయింది. విరిగినవాటికీ కోసినవాటికీ కొన్ని ఎక్కువ వేసుకోవాలమ్మా అంటూ వాడొక సంఖ్య చెప్పాడు. అలవాటు కొద్దీ, అందులో కొన్ని తగ్గించు అనబోయి నోరు మూసుకున్నాను. నేనెందుకు ఊరుకున్నానో మా మనవరాలికి అర్థం కాలేదు. కూరగాయల బండివాడు మా వీధి మొదట్లో నన్ను చూశాడంటే బండిని పక్క సందులోకి తిప్పేస్తాడని తనకు తెలుసు మరి. తనకు తెలియనిదల్లా పొయ్యి వెనకనున్న ఇంకొక గోడ. అది అరకులో, పొగమంచులో, నేను కొత్తగా కాపరానికి వెళ్లిన రోజుల్లో చూసిన గోడ. పందొమ్మిది వందల ఇరవైల మధ్యలో సంగతి. నా ఈడువాళ్లకైతే, ఆ కాలంలో కొండ మీదికి ఒక పింగాణీ బిళ్ల ఎక్కాలంటే ఎంత కథ ఉండేదో చెప్పనక్కర్లేదు.

కొండ దిగువన, కోట అనే ఊళ్లో మా నాన్నది పచారీ దుకాణం. ఉప్పు, చింతపండు, మేకులు, సున్నం, లాంతరు చిమ్నీలు, ఏది అడిగినా లేదనకుండా ఇచ్చే దుకాణం. అక్కడ పుట్టి పెరిగినదాన్ని గనక మాటలు రాకముందే నాకు బేరం వచ్చిందని మా అమ్మ అనేది. మా ఇంట్లో ఒక పద్ధతి ఉండేది. మొదట చెప్పిన సంఖ్య ఎవరిదైనా సరే, అది అసలు సంఖ్య కాదు. నాకు డజను గాజులు కావాలంటే రెండు డజన్లు అడగాలి. నాన్న ఆశ్చర్యం నటించాలి, నేను అలగాలి, చివరికి డజను రావాలి. ఇద్దరికీ గెలిచామన్న తృప్తి. జ్వరం తగ్గితే పది కొబ్బరికాయలు కొడతానని దేవుడికి మొక్కుకుని, తగ్గాక అయిదుకి ఒప్పించిన ఘనత కూడా నాకుంది. ఆ దేవుడు కూడా మా దుకాణంలో పుట్టి పెరిగినవాడే అయి ఉండాలి, పల్లెత్తు మాట అనలేదు.

పెళ్లయి కొండెక్కాక ఈ విద్యంతా తుప్పు పట్టిపోయింది. మా ఆయన రోడ్ల ఓవర్సీరు, దొరలు మకాం చేసే బంగళా బాగోగులు కూడా ఆయన నెత్తినే ఉండేవి. శుక్రవారం సంతకు వెళ్లి, అల్లం కుప్ప ముందు కూర్చున్న కొండజాతి ఆవిడను సగానికి అడిగితే, ఆవిడ నాతో వాదించలేదు, తిట్టలేదు, ఆ కుప్పను తన వైపుకు లాక్కుని ముఖం అటు తిప్పేసుకుంది. నేను పెంచాను, ఆవిడ తిరగలేదు. అడిగినంతా ఇస్తానన్నా తిరగలేదు. చేతులూపుకుంటూ ఇంటికొచ్చి, అల్లం లేని చారు వండుకుని తిన్నాను.

ఆ చారు చూసి నవ్వి, తన గదిలోంచి అల్లం తెచ్చిపెట్టిన మనిషే బంగళా వంటమనిషి. అక్కను పిలిచినట్టు నేను అప్పా అని పిలిచేదాన్ని, ఆవిడ నన్ను సిన్నమ్మా అనేది. కింద పల్లెలో పుట్టి, క్రైస్తవ మిషను వాళ్ల దగ్గర చర్చిలో చేరి, వాళ్ల వంటింట్లోనే దొరల వంట నేర్చుకుంది. చర్చిలో చేరినందుకు అత్తవారు గుమ్మం తొక్కనివ్వలేదు, మొగుడు పోయాక అసలే లేదు. వంటింటి వెనక చిన్న గదిలో తనూ, తొమ్మిదేళ్ల కూతురూ ఉండేవారు. ఆ పిల్ల మిషను బడికి వెళ్లేది. ఆ గదీ ఆ బడీ రెండూ బంగళా పొయ్యి మీదే ఆధారపడి ఉండేవి.

ఆ పొయ్యికే ఆపద వచ్చింది. నేను కొండెక్కకముందు మకాం వచ్చిన దొర తాగే సూపులో, వెనక మట్టిగోడ నుంచి మసిపెచ్చు ఒకటి ఊడి పడింది. ఆయన అక్కడ ఏమీ అనలేదు. దిగువకు వెళ్లాక ఉత్తర్వు పంపాడు. ఈసారి తను వచ్చేనాటికి పొయ్యి వెనక గోడ కడగడానికి వీలుగా పింగాణీ బిళ్లలతో ఉండాలి, లేదా ఆ వంటిల్లు మూసేసి వంటమనిషిని తీసేస్తారు, ఇకమీదట దొరలు తమ వంటవాళ్లను తామే తెచ్చుకుంటారు. సంగతి మాకు తెలిసిన వారానికే, బంగళా గేటు ఎదురుగా బండరాయి మీద సర్దారు వచ్చి కూర్చోవడం మొదలుపెట్టాడు. అస్సాం తేయాకు తోటలకు మనుషుల్ని పోగుచేసి తోలుకుపోయేవాడు వాడు. వాడి వెంట వెళ్లినవాళ్లు తిరిగి రావడం ఆ పల్లెల్లో ఎవరూ చూడలేదు. ఎవరి పొయ్యి ఆరబోతోందో వాడికి గాలే చెప్పేదనుకుంటాను. పెద్దగా మాట్లాడేవాడు కాదు, చుట్ట కాల్చుకుంటూ కూర్చునేవాడు. అప్ప నీళ్లకు వెళ్తుంటే మాత్రం పలకరించేవాడు.

“ఏటప్పా, సద్దుకున్నావా? మీ గుంటకీ పనుందిలే. ఆకు కొయ్యడానికి సిన్న సేతులే మంచివి.”

గుంటంటే మా వైపు ఆడపిల్ల. వాడు పలకరించిన రోజు అప్ప కడవ సగమే నిండి వచ్చేది.

బిళ్లల బాధ్యత నేను తీసుకున్నాను. అవి ఓడ మీద విశాఖపట్నం వచ్చే సరుకు, నాన్న తెప్పించగలడు. మచ్చుకని ఒక తెల్లటి బిళ్లను ముందే పైకి పంపాడు కూడా, అరడుగు చదరం, అద్దంలా మెరిసేది. మా ఆయన అడుగులూ అంగుళాలూ కొలిచి కాగితం మీద గుణించడం మొదలుపెట్టారు గానీ, పొయ్యి గట్టు ఒక వైపు కుంగి ఉండటంతో ఒకసారి వచ్చిన లెక్క మరోసారి రాలేదు. నేను కాగితం పక్కన పెట్టించి, ఆ మచ్చు బిళ్లనే గోడకు ఆనించి, అప్ప చేత బొగ్గుతో అంచు గీయించి, పక్కకు జరిపి మళ్లీ గీయించి, గోడంతా గళ్లు పడేలా చేశాను. అడ్డంగా పదహారు, గట్టు నుంచి పైన బల్ల దాకా నిలువుగా అయిదు. ఎనభై గళ్లు. గళ్లు గీయడం అయ్యాక అప్ప ఆ గోడకేసి చూస్తూ నిలబడింది, చేతికి అంటిన బొగ్గు తుడుచుకోవడం కూడా మరిచిపోయి.

“సరిపోద్దా సిన్నమ్మా?”

సరిపోవాలి. ఘాటు రోడ్డు మీద బండి ఎక్కి రావడానికే రోజులు పడతాయి, వానలు పడ్డాయంటే ఇంకా ఆలస్యం. ఒకసారి తక్కువొస్తే మళ్లీ తెప్పించే వ్యవధి ఉండదు. అందుకని దోవలో విరిగేవాటికి పది కలుపుకుని, తొంబై అని చెప్పాను. మా దుకాణానికి బండి తోలే ముసలాయన కొండ దిగుతుంటే, తొంబై అని మూడుసార్లు అనిపించి మరీ పంపాను. ఆలోచిస్తే, పుట్టి బుద్ధెరిగాక నాన్నకు నేను పెంచకుండా చెప్పిన మొదటి సంఖ్య అదే. ఎందుకో గర్వంగా కూడా అనిపించింది.

ఆ తరవాత రోజులు ఎలా గడిచాయో చెప్పలేను. మబ్బు దిగి వచ్చి గుమ్మంలో కూర్చుంది. పొద్దున్నా సాయంత్రమూ తేడా తెలిసేది కాదు. ఘాటు రోడ్డు మీద ఎక్కడో కొండ విరిగిపడిందని ఒకరు, లేదు ఎద్దుకు కాలు బెణికిందని ఇంకొకరు చెప్పేవారు. బిళ్లలు అతకడానికి కోట నుంచి నడిచి వచ్చిన తాపీమేస్త్రికి మూడో రోజే మన్యం జ్వరం తగిలింది. వణుకు తగ్గినప్పుడల్లా, నాను దిగిపోతాను అమ్మగోరూ, ఈ కొండ మీద చావలేను అనేవాడు. దొర అనంతగిరి మకాంకు చేరాడని కబురొచ్చింది. అంటే ఇంక మూడు రోజులు. గేటు దగ్గర సర్దారు బండరాయి మీద నుంచి లేచి, లోపలికి వచ్చి, వంటింటి అరుగు మీద కూర్చోవడం మొదలుపెట్టాడు. పొమ్మనడానికి మా ఆయన వెళ్లారు గాని, ఎవరికీ అడ్డు లేకుండా కూర్చున్నవాణ్ణి ఏ నేరం మీద గెంటాలో తెలియక తిరిగొచ్చారు.

బండి ఆ రోజే చేరింది. ఎద్దుల నోట నురగ, చక్రాలకు ఎర్రమట్టి. గడ్డి పరిచిన పెట్టెలను వంటింట్లోకి దించి, అప్పా నేనూ గడ్డి తీసి ఒక్కొక్క బిళ్లా నేల మీద పేర్చాం. మొదటి పెట్టె అయింది. రెండోది అయింది. నేను మూడో పెట్టె కోసం వాకిట్లోకి చూశాను. ముసలాయన ఎద్దులకు గడ్డి వేస్తున్నాడు.

మూడో పెట్టె లేదు.

నేల మీద నలభై అయిదు బిళ్లలున్నాయి. అందులో ఆరు పగిలాయి. ముసలాయన్ను పిలిచి, తొంబై అని చెప్పావా లేదా అని అడిగాను.  చెప్పానమ్మా, మూడుసార్లు చెప్పాను, అన్నాడు అతను, పైగా మంచి కబురు తెచ్చినవాడిలా నవ్వుతూ.

“మీ అయ్యగోరు ఒకటే నవ్వు. ‘మా గుంట సంగతి నాకు తెల్దేటి, తొంబై అందంటే దానికి కావలసింది నలభై అయిదే. ఊరికే ఎద్దుల సేత కొండెక్కించడం ఎందుకు’ అన్నారు. దుకాణంలో అందరికీ సెప్పుకుని మురిసిపోయారమ్మా.”

నేను ఆ గడ్డి మీదే కూలబడ్డాను. కోపం ఎవరి మీద చూపాలో తెలియలేదు. నాన్న చేసింది నేను ఆయనకు నేర్పిన పనే, ఆయన నాకు నేర్పిన పనే. ఇద్దరం ఇన్నేళ్లూ ఆడిన ఆట సరిగ్గా ఆడాడు. నేనే ఆట మానేసి, మానేసినట్టు చెప్పలేదు.

అప్ప బిళ్లల వంక చూసింది, గోడ మీద గళ్ల వంక చూసింది, చెంగుకు చేతులు తుడుచుకుని వెనక గదిలోకి వెళ్లింది. కాసేపటికి రేకుపెట్టె మూత తీసిన చప్పుడు వినిపించింది. వెళ్లి చూస్తే, కూతురి పలకను రెండు చీరల మధ్య పెట్టి మడుస్తోంది.

“ఆపు అప్పా.”

“ఏటి ఆపమంటావు సిన్నమ్మా? బండి ఎల్లి మళ్లీ వచ్చేతలికి దొర వచ్చీసి ఎలిపోతాడు. పలక తడవకుండా ఉంటే సాలు. అక్కడ బడి ఉంటాదో నేదో.”

అరుగు మీద సర్దారు దగ్గాడు. దగ్గులాంటి నవ్వు అది.

నేను మళ్లీ గోడ ముందుకొచ్చి నిలబడ్డాను. చదువుకున్నవాళ్లకైతే ఏం గుర్తొచ్చేదో గాని, నాకు గుర్తొచ్చింది మా దుకాణం అలమార. వానాకాలంలో సరుకు రాక అలమార సగం ఖాళీ అయినప్పుడు, కొనేవాళ్లకు ఆ సంగతి తెలిస్తే పక్క దుకాణానికి పోతారని నాన్న డబ్బాలన్నీ ఎడమెడంగా సర్దేవాడు. ఒక డబ్బా, దాని పక్కన ఒక ఖాళీ, ఆ ఖాళీలో నల్లగుడ్డ పరిచి ఒక తూకంరాయి. పై వరసలో ఖాళీ ఉన్నచోట కింద వరసలో డబ్బా. చూసేవాళ్లకు అది లేమిలా కనపడేది కాదు, అదేదో సొగసులా కనపడేది. ఎనభై గళ్లలో సగం నలభై. నా దగ్గరున్నవి ముప్పై తొమ్మిది. ఆ మాట పైకే అన్నాననుకుంటాను. అప్ప పెట్టె దగ్గర నుంచి లేచి, వంటింట్లో ఉప్పుకుండ మీద మూతగా వాడుతున్న మచ్చు బిళ్లను తీసుకొచ్చి, నా చేతిలో పెట్టింది. దాని అంచున బొగ్గు ఇంకా ఉంది.

ఇక మేస్త్రిని ఒప్పించాలి. దుప్పటి ముసుగులోంచి తల బయటపెట్టి, ఒక గడి తెలుపు, ఒక గడి నలుపు అని నేను చెప్పేది విని, జ్వరం తనకా నాకా అన్నట్టు చూశాడు.

“ఇదేటమ్మా, సదరంగం బల్లా? దొర అడిగితే ఏటి సెప్పాల? నాను మేస్త్రిని, మంత్రగాణ్ణి కాను.”

మూడు నెలలుగా ఆ కొండ మీద నోరు కట్టేసుకుని బతికినదాన్ని. ఆ పూట నా విద్యంతా తిరిగి వచ్చింది. మా ఆయన పెట్టెలోని క్వినైను చూపించాను. మిరియాల చారు కాచి పెడతానన్నాను. దిగేటప్పుడు నడవనక్కర్లేదు, నాన్న బండిలో పడుకుని దిగవచ్చునన్నాను.  చివరికి, నీకు చేతకాదంటే చెప్పు, సున్నం నేనే పూస్తాను, కోటకు దిగాక ఆ గోడ మేస్త్రి కట్టింది కాదు కోమటి పిల్ల కట్టిందని నలుగురికీ చెబుతానన్నాను. దుప్పటి ఎగిరి అవతల పడింది.

నల్లసున్నానికి మసి ఎక్కడిదంటారా? ఆ గోడదే. ఏ మసి దొర సూపులో పడి ఆ పొయ్యికి ఎసరు పెట్టిందో, దాన్నే గీకి, మెత్తగా నూరి, కరక్కాయ నీళ్లలో సున్నంతో కలిపాం. మేస్త్రి బిళ్లలు అతుకుతూ పోతే, మధ్య గళ్లలో ఆ నల్లసున్నం పూసి, ఏటిరాయితో అప్ప రుద్దుతూ పోయింది. ఆ తడిగాలిలో అది ఆరనంటే ఆరనంది. గోడ ముందు నిప్పుల కుంపట్లు పెట్టి, ఊదుతూ, రుద్దుతూ రెండు రోజులు ఆ వంటింట్లోనే గడిపాం. అప్ప కూతురు బడి నుంచి రాగానే తలుపు దగ్గర నిలబడి గళ్లు లెక్కపెట్టేది. సర్దారు అరుగు మీద నుంచి మెడ సాచి చూసి, తడిసున్నం అమ్మా, రాలిపోద్ది, అన్నాడు. వాడన్నది నిజమే కావచ్చుననే నాకూ భయం.

దొర వచ్చాడు. చేతికర్రతో తిన్నగా వంటింట్లోకే నడిచాడు, వెనకే మా ఆయన. నేను తలుపు చాటున, అప్ప పొయ్యి పక్కన. గోడ చూసి ఆయన ఆగిపోయాడు. తెల్లగడిని కర్రతో తట్టాడు. నల్లగడిని తట్టాడు. తరవాత జేబులోంచి తెల్లటి చేతిరుమాలు తీశాడు.  మసి మసే కదా, ఆ రుమాలుకు అంటిందంటే కథ అయిపోయినట్టే. ఆయన ఒక నల్లగడి మీద గట్టిగా రాసి, రుమాలు వెలుతురుకేసి పట్టుకున్నాడు. అటు తిప్పాడు. ఇటు తిప్పాడు. మా ఆయనను ఇంగ్లీషులో ఏదో అడిగాడు. మా ఆయన బదులు చెప్పేలోగా అప్ప, ఎవరూ చెప్పకుండానే, తడిగుడ్డ తీసుకుని గోడంతా ఆ చివర నుంచి ఈ చివర దాకా తుడిచింది. తుడిచి, ఆ గుడ్డను దొర కళ్ల ముందే తెల్లటి పళ్లెంలో పిండింది.

పళ్లెంలోకి దిగిన నీళ్లు నీళ్లలాగే ఉన్నాయి.

దొర ఆ పళ్లెంకేసి ఎంతసేపు చూశాడో నాకు తెలియదు. ఒక్క మాట అని బయటికి వెళ్లిపోయాడు. మా ఆయన నా వైపు తిరిగి, టీ పెట్టమన్నారు అని చెప్పారు. అప్ప టీ ఆకు డబ్బా తీసింది, ఆ డబ్బా మూత ఎంతకీ రాకపోతే చెంగు చుట్టి లాగింది. అది ఏ తోట ఆకో, ఎవరి పిల్లల చేతులు కోసిన ఆకో అని నాకు అప్పుడు తోచలేదు. ఇప్పుడు టీ తాగుతుంటే ఒక్కోసారి తోస్తుంది. ఎందుకంటే సర్దారు ఆ వారం సంతనాడు వట్టి చేతులతో పోలేదు. కింద పల్లె నుంచి ఇద్దరు ఆడపిల్లల్ని తీసుకుపోయాడు. వాళ్లకు అడ్డుగా నిలబెట్టడానికి మా దగ్గర ఏ గోడా లేదు.

వానలు వెళ్లాక నాన్న నన్ను చూడటానికి కొండెక్కాడు. కాళ్లు కడుక్కోకముందే వంటింట్లోకి లాక్కెళ్లి గోడ ముందు నిలబెట్టాను. గళ్లు చూశాడు. తన అలమార గుర్తుపట్టాడు. ముందు పెద్దగా నవ్వి, తరవాత నా ముఖం చూసి నవ్వాపేసి, అప్ప ముందు చేతులు కట్టుకుని నిలబడ్డాడు. అప్ప ఆయనకు కాఫీ ఇస్తూ, బాబూ, ఇంకోపాలి గుంట అడిగితే అడిగినన్నీ పంపండి అంది. నాన్న నా వైపు తిరిగి, నిజంగా నొచ్చుకుని అన్నాడు:

“నువ్వు ఉన్నదున్నట్టు చెబుతావని నేనెలా అనుకుంటానే?”

అప్ప కూతురు ఆ బడిలోనే చదివి, ఆ బడిలోనే పంతులమ్మ అయింది. నాన్న పోయారు, అప్పా పోయింది. బంగళాను ఎప్పుడో పడగొట్టారని విన్నాను, గోడ సంగతి ఎవరినీ అడగలేదు. ఇప్పుడు అరకుకు రైలు వెళ్తుంది. గాజు సామానైనా పగలకుండా ఒక్క పూటలో చేరుతుందట.

నిన్న ఆ కుర్రాడు చెప్పిన టైల్స్ అట్టపెట్టెల్లో వచ్చాయి. మనవరాలు వద్దంటున్నా వినకుండా నేల మీద కూర్చుని లెక్కపెట్టాను. చెప్పినవన్నీ ఉన్నాయి, ఒక్కటి తగ్గలేదు. ఆ దుకాణం వాడు ఎవరో నాకు తెలియదు, నేనెవరో వాడికి తెలియదు. అందుకే చెప్పిన లెక్కకు చెప్పినట్టే పంపాడు. తప్పు పట్టడానికి ఏమీ లేదు. అయినా రెండోసారి కూడా లెక్కపెట్టాను. నా మాట వినగానే నవ్వి, మా గుంట సంగతి నాకు తెల్దేటి అని, సగానికి కోసి పంపేవాడు ఈ లోకంలో ఇంకా ఎక్కడైనా మిగిలాడేమోనని.